పచ్చి మాంసం, పెరిగే పిల్లి: సంకర మార్జాలాల పోషణ గురించి కొన్ని శాస్త్ర విషయాలు

పిల్లిని పెంచడం తెలుగువారికి కొత్త కాదు గాని, పిల్లికి భోజనం పెట్టడం మాత్రం కొత్త. ఈ మాట కొంత వింతగా తోచవచ్చు. మన పల్లెటూళ్ళలో పిల్లికి ఒక మూకుడులో ఇంత పెరుగన్నమో పాలన్నమో వేసి, దానితోనే అది బ్రతుకుతున్నదని అనుకునేవాళ్ళం. నిజానికి ఆ పెరుగన్నం దానికి ఫలహారం మాత్రమే. అసలు భోజనం రాత్రివేళ గాదె క్రింద, అటక మీద, గడ్డివాము చాటున జరిగేది. ఎలుకను, తొండను, పిచ్చుకను పట్టి ఎముకలతో సహా తినే ఆ పిల్లికి కావలసిన పోషకాలన్నీ మన ప్రమేయం లేకుండానే అందేవి.

నేపర్‌విల్‌లో పరిస్థితి వేరు. ఇక్కడ ఇళ్ళలో గాదెలు లేవు, ఎలుకలు అరుదు. చలికాలంలో మంచు, తక్కిన కాలంలో రోడ్ల మీద కార్లు, డ్యూపేజ్ నది ఒడ్డున తిరిగే కయోటీలు, వీటన్నిటికీ భయపడి పిల్లిని గడప దాటనివ్వము. కనుక దాని నోటికి అందే ప్రతి కబళమూ మన చేతిమీదుగానే వెళ్ళాలి. మనం పెట్టినదానిలో ఏది లోపిస్తే అది దాని దేహంలోనూ లోపించవలసిందే. అందునా అది ఎదిగే వయసులో ఉన్న పిల్ల అయితే, లోపం బయటపడడానికి నెలలు అక్కరలేదు, వారాలు చాలు.

ఈ మధ్య మన కుటుంబాలలో పిల్లలు ముచ్చటపడి బెంగాల్, సవన్నా జాతుల పిల్లి కూనలను ఇంటికి తెచ్చుకోవడం కనిపిస్తున్నది. వాటి ఒంటిమీది మచ్చలను చూసి, ఇవి సగం అడవి జంతువులు గనుక వీటికి పచ్చి మాంసమే సహజాహారమని కొందరు ఉపదేశిస్తుంటారు. ఇందులో నిజమెంత, అపోహ ఎంత, అపాయం ఎంత అని విచారించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

సంకర పిల్లులు ఎవరు?

బెంగాల్ జాతి పిల్లికి మూలపురుషుడు ఆసియా చిరుతపిల్లి. పేరులో చిరుత ఉన్నా ఇది ఇంటి పిల్లి పరిమాణంలోనే ఉండే చిన్న అడవి జంతువు. హిమాలయ ప్రాంతం నుండి పడమటి కనుమల వరకు, అటు ఆగ్నేయాసియా, చైనాల వరకు ఇది కనిపిస్తుంది. దీని శాస్త్రీయ నామం ప్రయొనైల్యూరస్ బెంగాలెన్సిస్. మన కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులలో చేపలు పట్టి బ్రతికే బావురుపిల్లి కూడా ఈ ప్రజాతికి చెందినదే. అంటే బెంగాల్ పిల్లి మన బావురుపిల్లికి దూరపు చుట్టమన్నమాట.

అమెరికాలో జీన్ మిల్ అనే ఆమె 1963లో మొదటిసారి చిరుతపిల్లిని ఇంటి పిల్లితో సంకరం చేసింది. 1980ల ఆరంభంలో ఆమె ఈ ప్రయత్నాన్ని మరల చేపట్టింది. 1986లో అంతర్జాతీయ మార్జాల సంఘమైన టికా ఈ జాతిని తన నమోదులో చేర్చుకున్నది. అదే సంవత్సరంలో పెన్సిల్వేనియాలో ఆఫ్రికా దేశపు సర్వల్ అనే పొడవు కాళ్ళ అడవి పిల్లికి, ఇంటి పిల్లికి పుట్టిన కూనతో సవన్నా జాతికి బీజం పడింది. చిరుతపిల్లికి, సర్వల్‌కు, ఇంటి పిల్లికి కూడా కణానికి 38 క్రోమోసోములే ఉన్నందున సంకరం సాధ్యమైంది. అయినా తొలి తరాల మగ పిల్లులు సాధారణంగా సంతాన సామర్థ్యం లేనివిగా పుడతాయి.

మన ఇళ్ళలో కనిపించే బెంగాల్ పిల్లులలో అత్యధిక భాగం నాలుగవ తరం గాని, ఆ తరువాతి తరాలవి గాని. అంటే వాటి అడవి పూర్వీకుడు ముత్తాతకు తండ్రో, ఇంకా పైవాడో. కేవలం మచ్చలను చూసి ఆహారాన్ని నిర్ణయించడం, పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్లే అవుతుంది. పోషకావసరాల విషయంలో ఈ సంకర జాతులు మామూలు ఇంటి పిల్లికి భిన్నమైనవని నిరూపించిన ఆధారమేదీ లేదు. భిన్నంగా ఉండేది ప్రధానంగా పరిమాణం, చురుకుదనం, ఎదిగే కాలం. మామూలు పిల్లి ఏడాదికి ఇంచుమించు పూర్తిగా ఎదిగితే, బెంగాల్ పిల్లి ఏడాదిన్నర దాటే వరకు, తొలి తరాల సవన్నా పిల్లి ఇంకా ఎక్కువ కాలం ఎదుగుతుంది. కనుక లోపభూయిష్టమైన ఆహారం హాని చేయగల వ్యవధి కూడా ఈ జాతులలో ఎక్కువే.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. హవాయి వంటి కొన్ని రాష్ట్రాలలో సంకర పిల్లులను పెంచడం నిషిద్ధం. మరికొన్ని చోట్ల తొలి తరాలకు మాత్రమే అడ్డంకులున్నాయి. కొనే ముందే నగరం, కౌంటీ, రాష్ట్రం, ఈ మూడింటి నిబంధనలూ విచారించుకోవడం వివేకం.

మార్జాల దేహధర్మం

మనిషి, కుక్క, ఎలుక ఏది దొరికితే అది తిని, కావలసిన పదార్థాలను ఒంట్లోనే తయారు చేసుకోగలవు. పిల్లి అట్లా కాదు. లక్షల సంవత్సరాలు మాంసమే తిన్న వంశం గనుక, మాంసంలో సిద్ధంగా దొరికే పదార్థాలను తయారు చేసుకునే యంత్రాంగాన్ని క్రమంగా వదులుకున్నది. ఏ సరుకైనా అంగడిలో రోజూ దొరుకుతున్నప్పుడు ఇంట్లో దంచుకునే రోలును అటకెక్కించినట్లే ఇది కూడా.

టారిన్ అనే పదార్థాన్ని చూడండి. మనిషి దేహం దీనిని తయారు చేసుకోగలదు, పిల్లి దేహం తగినంతగా చేసుకోలేదు. టారిన్ కొరవడితే పిల్లి కంటిపొర క్షీణించి గుడ్డితనం వస్తుందని 1975లో తేలింది. దీని లోపం వల్లనే గుండె కండరం సాగి బలహీనపడి పిల్లులు చనిపోతున్నాయని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖ పరిశోధకులు కనుగొన్నారు. అప్పటివరకు అంగడిలో అమ్మే డబ్బా ఆహారాలు తిన్న పిల్లులకు కూడా ఈ జబ్బు వచ్చేది. ఆ తరువాత తయారీదారులు టారిన్ పాళ్ళు పెంచారు, జబ్బు అరుదైపోయింది.

ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం లేని ఒక్క పూట భోజనంతోనే పిల్లి రక్తంలో అమ్మోనియా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ నుండి మనం విటమిన్ ఎ చేసుకుంటాము. పిల్లి చేసుకోలేదు, దానికి సిద్ధమైన విటమిన్ ఎ కాలేయం నుండో, మరొక జంతు పదార్థం నుండో అందాలి. మనం ఎండలో నిలబడితే చర్మంలో విటమిన్ డి తయారవుతుంది. పిల్లి కిటికీ దగ్గర రోజంతా ఎండ కాచుకున్నా దాని చర్మంలో తగినంత తయారు కాదు. నయాసిన్ విషయంలోనూ, అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం విషయంలోనూ ఇదే కథ. చివరికి తీపి రుచిని గుర్తించే జన్యువు కూడా పిల్లులలో పనిచేయదని 2005లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. పాయసం గిన్నె దగ్గరకు పిల్లి వచ్చేది తీపి కోసం కాదు, పాల కొవ్వు కోసం.

కనుక పిల్లి మాంసాహారి అన్నది నిర్వివాదం. పెరుగన్నంతోనో, పప్పన్నంతోనో దానిని పోషించాలని చూడడం దానిపట్ల అన్యాయం. శాకాహార కుటుంబాలు పిల్లిని తెచ్చుకునే ముందే ఈ విషయం ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించుకోవాలి. అయితే ఇక్కడి నుండి చాలామంది ఒక తప్పటడుగు వేస్తారు. మాంసాహారి కనుక మాంసం పెడితే చాలునని అనుకుంటారు. పిల్లి తినేది మాంసం కాదు, జంతువు. ఈ రెండింటికీ గల భేదమే ఈ వ్యాసానికి ఆయువుపట్టు.

ఎలుకకు, మాంసపు ముక్కకు తేడా

ఎలుకను తిన్న పిల్లికి కండతో పాటు ఎముకల నుండి కాల్షియం, కాలేయం నుండి విటమిన్ ఎ, గుండె, మెదడుల నుండి టారిన్, రక్తం నుండి ఇనుము, ఉప్పు, థైరాయిడ్ గ్రంథి నుండి అయొడిన్ లభిస్తాయి. అంగడిలో కొన్న ఎముక లేని కోడి మాంసంలో ఇవి చాలావరకు ఉండవు. అన్నిటిలోకి పెద్ద లోటు కాల్షియం.

ఈ లోటును గ్రహించడానికి భాస్వరం గురించి కూడా తెలియాలి. ఇక్కడ మన తెలుగువాడి పేరు ఒకటి స్మరించుకోవలసి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించి, 1922లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. మాలిబ్డేట్ అనే రసాయనంతో కలిసినప్పుడు ఏర్పడే నీలి రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వాడుకలోకి వచ్చింది. ఎముకల జబ్బులలో కాల్షియం, భాస్వరాల లెక్క తేలడానికి ఇటువంటి కొలమానాలే ఆధారమైనాయి.

ఎముక లేని 1 కిలో మాంసంలో భాస్వరం సుమారు 2 గ్రాములు ఉంటే, కాల్షియం సుమారు 0.1 గ్రాము మాత్రమే ఉంటుంది. అంటే కాల్షియం ఒక పాలు, భాస్వరం ఇరవై పాళ్ళు. ఎదిగే పిల్లికి కావలసినదో, భాస్వరంతో సమానంగా గాని, దానికి కొంచెం మించి గాని కాల్షియం.

ఈ తేడా వల్ల ఏమి జరుగుతుంది? ఆహారంలో కాల్షియం చాలనప్పుడు రక్తంలో దాని మట్టం తగ్గబోతుంది. గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి రక్తంలో కాల్షియం ఒక నిర్ణీత మట్టంలో ఉండి తీరాలి. కనుక మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోనును విడుదల చేసి, ఎముకల నుండి కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి తెస్తాయి. రోజూ ఇదే జరిగితే, జీతం చాలని ఇల్లాలు ఒక్కొక్క నగనే అమ్మి ఇల్లు గడిపినట్లు, దేహం ఎముకలను అమ్ముకుని రక్తాన్ని నిలబెట్టుకుంటుంది. పైకి అంతా సవ్యంగానే ఉంటుంది. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే ఉన్నట్లు రావచ్చు. లోపల మాత్రం ఎముక పల్చబడి గుల్లవుతుంది.

లక్షణాలు ఇట్లా ఉంటాయి. నిన్నటివరకు అలమార మీదికి దూకిన కూన ఇవాళ దూకదు. ఎత్తుకోబోతే అరుస్తుంది. వెనుక కాళ్ళు ఈడుస్తుంది. చిన్న దెబ్బకే, ఒక్కొక్కప్పుడు దెబ్బ తగలకుండానే, ఎముక పచ్చి కొమ్మలాగా వంగి చిట్లుతుంది. వెన్నుపూస నలిగితే కాళ్ళు పడిపోతాయి. కటి ఎముకలు వంగి అతుక్కుంటే జీవితాంతం మలబద్ధకం మిగులుతుంది. సకాలంలో గుర్తించి ఆహారాన్ని సరిదిద్ది, కదలనీయకుండా కొన్ని వారాలు విశ్రాంతి ఇస్తే చాలా కూనలు కోలుకుంటాయి. ఆలస్యమైతే వంగిన ఎముక వంగినట్లే ఉండిపోతుంది.

ఇది నిన్న మొన్న తెలిసిన విషయం కాదు. లండన్ జంతుప్రదర్శనశాలలో ఎముక లేని మాంసం తిని కాళ్ళు వంకరపోయిన సింహపు కూనలను 1889లో జాన్ బ్లాండ్ సటన్ అనే వైద్యుడు పరిశీలించాడు. ఆయన సలహాపై వాటికి నలగగొట్టిన ఎముకలు, పాలు, కాడ్ చేప కాలేయపు నూనె పెట్టగా కొద్ది నెలలలో తేరుకున్నాయి. సింహానికే తప్పని నియమం, మచ్చలున్నంత మాత్రాన బెంగాల్ పిల్లికి ఎట్లా తప్పుతుంది?

ఒక చిన్న లెక్క

అమెరికాలో పశువుల ఆహార ప్రమాణాలను నిర్ణయించే ఆఫ్కో సంఘం లెక్క ప్రకారం, ఎదిగే పిల్లి ఆహారంలో తేమను తీసివేసిన బరువులో కనీసం 1 శాతం కాల్షియం, 0.8 శాతం భాస్వరం ఉండాలి. 1 కిలో పచ్చి మాంసంలో నీరు పోగా మిగిలేది సుమారు 250 గ్రాములు. దానిలో 1 శాతం అంటే 2.5 గ్రాముల కాల్షియం. మాంసంలో ఉన్నది 0.1 గ్రాము. లోటు 2.4 గ్రాములు.

ఈ లోటును పెరుగుతో పూడ్చవచ్చునా? 100 గ్రాముల పెరుగులో 120 నుండి 150 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంటే కిలో మాంసానికి దాదాపు 2 కిలోల పెరుగు కలపాలి. రాగిపిండి? ధాన్యాలలో కాల్షియానికి పేరుబడ్డ రాగులలో కూడా 100 గ్రాములకు ఉన్నది సుమారు 350 మిల్లీగ్రాములే. అట్లా చూస్తే కిలో మాంసానికి 700 గ్రాముల రాగిపిండి కావాలి. అప్పుడది పిల్లి భోజనం కాదు, రాగి సంకటి అవుతుంది. పైగా పెరుగుతోనూ రాగులతోనూ భాస్వరం కూడా వచ్చి చేరుతుంది. కడిగి ఎండబెట్టి మెత్తగా పొడి చేసిన కోడిగుడ్డు పెంకులో 38 శాతం వరకు కాల్షియం ఉన్నది. సుమారు 6.3 గ్రాముల పొడితో లోటు తీరుతుంది. చూశారా, పరిమాణం ఎంత స్వల్పమో! కొసరు వేస్తే అతి, మరిస్తే లోపం. కంటి అంచనా పనికిరాదు, గ్రాముల త్రాసు కావాలి.

ఈ లెక్క ఒక్క పోషకాన్ని అర్థం చేసుకోవడానికి మాత్రమే గాని, ఇదే వంటకమని భావించరాదు. పెంకు పొడి కలిపిన తరువాత కూడా అయొడిన్, జింకు, రాగి, మాంగనీసు, విటమిన్ డి, విటమిన్ ఇ తక్కువగానే ఉంటాయి. పిల్లుల కోసం ఇంటిలో చేసుకునే వంటకాలు పుస్తకాలలోను, ఇతరత్రాను ప్రచారంలో ఉన్నవాటిని డేవిస్ పరిశోధకులు 114 సేకరించి 2019లో ఫలితాలు ప్రకటించారు. అన్ని పోషకాలూ సరిపడా ఉన్న వంటకం వాటిలో ఒక్కటి కూడా లేదు. అవి ఎదిగిన పిల్లులకు ఉద్దేశించినవి. ఎదిగే కూన అవసరాలు అంతకంటె ఎక్కువ. పది వారాల కూనకు శరీర బరువులో కిలోకు రోజుకు 200 కేలరీలు లేదా అంతకు మించి కావాలి. ఎదిగిన పిల్లికి అందులో మూడవ వంతు చాలు.

లోపమే కాదు, అతి కూడా

అతి సర్వత్ర వర్జయేత్ అన్నారు పెద్దలు. కాలేయం మంచిదని విని రోజూ కాలేయమే పెట్టేవారున్నారు. విటమిన్ ఎ కొవ్వులో నిలువ ఉండే పదార్థం. అది మితిమీరితే మెడ ఎముకలకు బుడిపెలు పెరిగి ఒకదానికొకటి అతుక్కుని, పిల్లి తల త్రిప్పలేక, ఒళ్ళు నాక్కోలేక అవస్థపడుతుంది. మాంసంలో కాలేయం 5 శాతానికి మించకుండా ఉండడం మేలు.

పచ్చి చేపలలో కొన్ని రకాలు థయామిన్ అనే విటమినును నాశనం చేసే పదార్థాన్ని కలిగి ఉంటాయి. రోజూ అవే పెడితే పిల్లికి తల వాలిపోయి మూర్ఛలు రావచ్చు. పచ్చి గుడ్డు తెల్లసొన బయోటిన్‌ను కట్టివేస్తుంది. ఉడికిస్తే ఈ రెండు దోషాలూ పోతాయి.

మన వంటింటి విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగులగొడతాయి. శరీర బరువులో కిలోకు 5 గ్రాముల ఉల్లిపాయ చాలు, రక్తంలో మార్పులు మొదలవుతాయి. 2 కిలోల కూనకు అది 10 గ్రాములు, అంటే చిన్న పాయలో ఒక ముక్క. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఈ గుణం పోదు. కోడికూర గిన్నెలో అడుగున మిగిలిన ముక్కను కడిగి పెట్టడం కూడా క్షేమం కాదు. పాలు విరివిగా పోస్తే, పాలచక్కెర జీర్ణించుకోలేని పిల్లులకు విరేచనాలు పట్టుకుంటాయి.

పచ్చిదే ఎందుకు?

పచ్చి మాంసాన్ని సమర్థించేవారు తరచుగా పేర్కొనేది 1930లలో కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్ పాటింజర్ అనే వైద్యుడు చేసిన ప్రయోగాలను. పచ్చి మాంసం తిన్న పిల్లులు ఆరోగ్యంగా ఉండగా, వండిన మాంసం తిన్నవి తరతరానికీ క్షీణించాయని ఆయన గమనించాడు. ఆయన చూసినది అబద్ధం కాదు. అయితే ఆనాటికి పిల్లికి టారిన్ అవసరమని ఎవరికీ తెలియదు. వండేటప్పుడు టారిన్ వేడికి నశించిపోదు గాని, నీటిలోకి దిగిపోతుంది. ఆ నీరు పారబోస్తే టారిన్ కూడా పోతుంది. ఆయన పిల్లుల క్షీణతకు ఇది ఒక ముఖ్య కారణమై ఉండవచ్చునని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంటే ఆ ప్రయోగం పచ్చి మాంసం గొప్పతనాన్ని కాక, లోపం గల ఆహారం చేసే హానిని చూపినదని గ్రహించాలి. మాంసం ఉడికించిన రసాన్ని కూడా ఆహారంలో కలిపితే టారిన్ చాలావరకు నిలుస్తుంది. కోడి ఛాతి మాంసంలో కంటె తొడ మాంసంలో టారిన్ అనేక రెట్లు ఎక్కువ అన్నది కూడా గుర్తుంచుకోదగినది.

పచ్చి ఆహారంలో పిల్లి ఇష్టంగా తినే తేమ, రుచి, మాంసకృత్తులు ఉన్నమాట నిజం. పిండిపదార్థాలు తక్కువన్నదీ నిజం. కాని ఈ సుగుణాలు మంచి డబ్బా ఆహారంలోనూ, సరిగా వండిన మాంసంలోనూ లభిస్తాయి. పచ్చితనం వల్ల మాత్రమే లభించే లాభమేదీ రుజువు కాలేదు. పచ్చితనం వల్ల మాత్రమే కలిగే నష్టాలు రుజువైనాయి.

కనిపించని అతిథులు

అమెరికా ఆహార ఔషధ సంస్థ 2010–2012 మధ్య అంగడిలో అమ్మే 196 పచ్చి పశు ఆహారపు నమూనాలను పరీక్షించగా 15 వాటిలో సాల్మనెల్లా, 32 వాటిలో లిస్టీరియా కనిపించాయి. పిల్లికి జబ్బు చేయకపోయినా దాని నోటి నుండి, మలం నుండి ఈ క్రిములు ఇంటిలో వ్యాపించవచ్చు. నేల మీద పాకే పసిబిడ్డ, ఇండియా నుండి వచ్చిన వృద్ధులైన తల్లిదండ్రులు, గర్భిణి, మధుమేహం లేదా క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు ముందుగా దీనికి గురవుతారు. గర్భిణులకు టాక్సోప్లాస్మా భయం కూడా ఉన్నది. పచ్చి మాంసం తిన్న పిల్లి ద్వారా ఇది రావచ్చు. ఇటువంటి కారణాల చేతనే అమెరికా పశువైద్య సంఘం 2012లో పచ్చి ఆహారాన్ని ప్రోత్సహించరాదని తీర్మానించింది. ఫ్రీజరులో గడ్డకట్టిస్తే చాలునన్నది అపోహ. గడ్డకట్టించడం కొన్ని పరాన్నజీవులను చంపుతుందే గాని బాక్టీరియాను నిద్రపుచ్చుతుంది, అంతే.

వీటికి తోడు ఇటీవల పక్షిజ్వరం వచ్చిచేరింది. హెచ్5ఎన్1 వైరసుకు పిల్లులు అతి సులభంగా లొంగిపోతాయి. 2024 వసంతంలో టెక్సాస్‌లోని ఒక పాడి క్షేత్రంలో జబ్బుపడిన ఆవుల పచ్చి పాలు త్రాగిన పిల్లులలో సగానికి పైగా చనిపోయాయి. 2024 డిసెంబరులో ఆరెగన్ రాష్ట్రంలో గడప దాటని ఒక ఇంటి పిల్లి, గడ్డకట్టించిన పచ్చి టర్కీ మాంసపు ఆహారం తిని ఈ జబ్బుతో మరణించింది. పిల్లిలోని వైరసు, ఆహారంలోని వైరసు ఒక్కటేనని పరీక్షలలో తేలింది. గడ్డకట్టించడం వైరసును కూడా చంపలేదనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి? 2025 జనవరిలో ఆహార ఔషధ సంస్థ, పచ్చి కోడి, పశుమాంసాలతో ఆహారం తయారుచేసే సంస్థలన్నీ ఈ వైరసును కూడా లెక్కలోకి తీసుకుని తమ భద్రతా ప్రణాళికలను సవరించుకోవాలని ఆదేశించింది.

మన దేశంలోనూ ఇది దూరపు వార్త కాదు. 2025 ఆరంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులలో ఈ వైరసును గుర్తించారు. ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలో ఇది చెలరేగింది. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ళ పసిబిడ్డ ఈ జబ్బుతో మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నట్లు కుటుంబ సభ్యులు తెలిపారు. అటువంటి ముక్కనే మనం ఏరికోరి వంటింటి బల్ల మీద పిల్లి కోసం కోస్తున్నామని గుర్తుచేసుకుంటే, పచ్చి ఆహారం పిల్లి ఒక్కదాని వ్యవహారం కాదని, ఇంట్లో ప్రతి ఒక్కరి వ్యవహారమని తెలుస్తుంది.

ఏది మార్గం?

మొదటి మార్గం అన్నిటికంటె సులభం, క్షేమం. కొనే ఆహారపు పొట్లం మీద అది పెరుగుదల దశకు గాని, అన్ని జీవిత దశలకు గాని సంపూర్ణ సమతుల ఆహారమని ఆఫ్కో ప్రమాణం ప్రకారం వ్రాసి ఉన్నదో లేదో చూడాలి. అప్పుడప్పుడు మాత్రమే పెట్టదగినదని వ్రాసి ఉంటే అది భోజనం కాదు, చిరుతిండి. తేమ గల డబ్బా ఆహారం కూనలకు బాగా సరిపడుతుంది.

రెండవ మార్గం, స్వయంగా చేసిపెట్టాలనే పట్టుదల గలవారికి. మాంసాన్ని లోపలి భాగం 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 డిగ్రీల సెల్సియస్ చేరేవరకు ఉడికించాలి. ఎముకలను తీసివేయాలి, ఎందుకంటే ఉడికిన ఎముక సూదులుగా విరిగి ప్రేగులను చీలుస్తుంది. రసాన్ని పారబోయకుండా కలపాలి. కాల్షియం, టారిన్, విటమినులు, ఖనిజాల మిశ్రమాన్ని పశుపోషణ శాస్త్రంలో ప్రత్యేక పట్టా పొందిన వైద్యుడు ఆ కూన వయసుకు, బరువుకు లెక్కగట్టి వ్రాసిచ్చిన విధంగా గ్రాములలో తూచి చేర్చాలి. మన ఊరి పశువైద్యుని ద్వారా ఇటువంటి నిపుణుల సలహా దూరం నుండి కూడా పొందవచ్చు. వంటకంలో ఒక వస్తువు బదులు మరొకటి వాడితే లెక్క మారిపోతుంది. తోటలో ఎరువుగా వేసే ఎముకల పొడిని ఎన్నడూ వాడరాదు.

ఇంత విన్న తరువాత కూడా పచ్చి ఆహారమే పెట్టదలచినవారు, పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగులు ఉన్న ఇంట్లో ఆ ప్రయత్నం మానుకోవాలి. తక్కినవారు కత్తి, పీట, గిన్నె వేరుగా ఉంచుకుని, ఫ్రిజ్‌లోనే కరిగించి, తినగా మిగిలినది వెంటనే పారవేసి, సబ్బుతో చేతులు కడుక్కుని, మలపు పెట్టెను రోజూ శుభ్రం చేయాలి. ఇది ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని తొలగించదు.

ఏ మార్గమైనా ప్రతి వారం కూనను తూచి బరువు వ్రాసి ఉంచుకోవాలి. ఆరు నెలల వరకు వారానికి సుమారు 100 గ్రాముల పెరుగుదల సాధారణం. ఈ పని ఇంట్లోని పిల్లలకు అప్పగిస్తే, గ్రాఫు గీయడంలోని ఆనందంతో పాటు బాధ్యత కూడా అలవడుతుంది. బరువు పెరుగుతున్నదని మాత్రం నిశ్చింతగా ఉండరాదు. కాల్షియం లోపించిన కూన కూడా కండ పట్టి నిగనిగలాడుతూనే ఉంటుంది. నడక మారినా, దూకడం మానినా, తాకితే అరచినా ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకుపోయి, ఏమి పెడుతున్నామో దాచకుండా చెప్పాలి. కదలికలో తేడా గమనించిన వైద్యుడు ఎక్స్‌రే తీస్తే ఎముకల స్థితి బయటపడుతుంది. చీకటిలో తడబడుతుంటే అది టారిన్ లోపమో, బెంగాల్ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే కంటిపొర జబ్బో పరీక్షించి తేల్చుకోవాలి. జ్వరం, ఆయాసం, మూర్ఛ కనిపిస్తే పచ్చి మాంసం, పచ్చి పాల సంగతి మొట్టమొదట చెప్పాలి.

అడవిలో పిల్లికి వేట నేర్పేది తల్లి. ఆ వేటలో కండ, ఎముక, కాలేయం, రక్తం తగు పాళ్ళలో కలిసి ఉండేట్లు ప్రకృతి ముందే కూర్చి పెట్టింది. ఆ కూనను తల్లి నుండి వేరుచేసి నాలుగు గోడల మధ్యకు తెచ్చినది మనము. కనుక ప్రకృతి వేసిన లెక్కను ఇకమీదట మనమే వేయాలి. ప్రేమ ఆ లెక్కకు ప్రోద్బలం కాగలదే గాని, ప్రత్యామ్నాయం కాజాలదు. త్రాసు, శాస్త్రం, వైద్యుని సలహా తోడుగా ఉంటే మన ఇంటి బావురుపిల్లి బంధువు గట్టి ఎముకలతో, చురుకైన కళ్ళతో పదిహేనేళ్ళు మన పిల్లలతో కలిసి పెరుగుతుంది.